జంగ్లీఘాట్ ఉక్కపోత

ఏటా మే మూడో వారంలో తెలుగు టీవీల్లో ఒక వార్త వస్తుంది. "నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకాయి." ఆ ముక్క వినగానే మనవాళ్లకి ప్రాణం లేచొస్తుంది. ఇంకో పది రోజుల్లో కేరళ, ఆ తర్వాత రాయలసీమ, ఆ తర్వాత మనకీ వానలే అని లెక్కలు వేసుకుంటారు. అండమాన్ అంటే వాళ్లకి వాన మొదలయ్యే చోటు, అంతే. ఆ వాన దిగేదాకా అక్కడి జనం మూడు నాలుగు నెలలు ఏం చేస్తారో ఎవరూ అడగరు. నేను పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగినదాన్ని. ఆ వార్త వింటే నాకు ముందుగా గుర్తొచ్చేవి వాన నీళ్లు పట్టే డ్రమ్ములు.

ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. నా నోటికి ఇంకా పోర్ట్ బ్లెయిరే వస్తోంది.

మొన్న ఏప్రిల్లో జంగ్లీఘాట్ మావయ్య పోయాడు. జంగ్లీఘాట్ అంటే ఊళ్లో చేపలవాళ్లుండే పేట. అమ్మకి ఆఖరి తమ్ముడు. పెద్దకార్యానికి వైజాగ్ నుంచి నేనూ, శ్రీకాకుళం నుంచి చిన్నమ్మా వెళ్లాం. విమానం దిగి బయటికొచ్చేసరికి పొద్దున్న తొమ్మిది కూడా కాలేదు. కళ్లజోడు మీద ఆవిరి కమ్మేసింది. చిన్నమ్మ కొంగుతో మెడ తుడుచుకుంటూ, "ఇదేటే, ఎండే నేదు, ఇంత ఉక్కేటి?" అంది. అవును, ఆకాశం మబ్బుగానే ఉంది. అక్కడి వేడికి ఎండతో పెద్దగా పనిలేదు.

ఆ నాలుగు రోజులూ ఎవరు నోరు విప్పినా ఉక్క గురించే. మావయ్య గురించి ఏడ్చినవాళ్లు కూడా మధ్యలో ఆగి ఫ్యాను వేయమన్నారు.

*

మా నాన్న చాథం సా మిల్లులో మజ్దూరు. అక్కడ కూలీని అందరూ ఆ మాటతోనే పిలుస్తారు, మేమూ అంతే. చాథం ఒక చిన్న దీవి, వంతెన మీద నడిచి వెళ్లిపోవచ్చు. 1883లో ఇంగ్లీషువాళ్లు పెట్టిన మిల్లు. నా చిన్నప్పుడు దుంగలు సముద్రం మీద తెప్పలుగా కట్టుకుని తేలుతూ వచ్చేవి. పడౌక్ చెట్టు కోస్తే లోపల ఎర్రగా ఉంటుంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న చొక్కా, చెవుల వెనక, కనుబొమల మీద ఎర్రటి పొట్టు. చెమటకి తడిసి మెడ ముడతల్లో గీతలు గీతలుగా అంటుకుపోయేది. అమ్మ గడపలోనే నిలబెట్టి, రెండు చెంబుల నీళ్లు పోసిగానీ లోపలికి రానిచ్చేది కాదు. రెండే చెంబులు. మూడో చెంబు అడిగితే, "వాన పడనీ, అప్పుడు ఎన్ని చెంబులైనా పోయిత్తాను" అనేది.

మిల్లు నుంచి నాన్న వారానికోసారి గోనెసంచితో పొట్టు తెచ్చేవాడు. మా ఇంట్లో వంట పొట్టు పొయ్యి మీదే. పాత డబ్బాకి కింద బొక్క పెట్టి, మధ్యలో ఒక సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు పోసి రోకలితో కూరాలి. తర్వాత సీసాని మెల్లగా తిప్పుతూ పైకి లాగాలి. తొందరపడితే పొట్టంతా కూలిపోతుంది. ఆ పని నాది. ఒకసారి అంటించామంటే పొగ లేకుండా సన్నటి మంట గంటలకొద్దీ ఉండేది. అమ్మ తెల్లారుజామునే అన్నం, పులుసు వండేసేది. ఎండ ఎక్కాక మళ్లీ పొయ్యి ముట్టించేది కాదు. మధ్యాహ్నం చద్దో, గంజో, చోడి అంబలో.

మిగిలిన పొట్టు జంగ్లీఘాట్ వెళ్లేది, మావయ్యకి. ఐసు దిమ్మని గోనెపట్టాలో పెట్టి చుట్టూ పొట్టు కూరితే మర్నాటిదాకా కరగదు. చేపల వేటకి వెళ్లే ప్రతి డుంగీలోనూ ఒక మూల ఆ ఎర్రటి పొట్టు ఉండేది. డుంగీ అంటే ఇంజను పడవ, టకటకమని మోత. జంగ్లీఘాట్ జెట్టీ దగ్గర నిలబడి కళ్లు మూసుకుంటే అది అండమానో, శ్రీకాకుళం భావనపాడో తెలిసేది కాదు. తిట్లు కూడా మనవే. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు 13 శాతం. జంగ్లీఘాట్ చేపల బజారులో అయితే ఆ లెక్క నవ్వొస్తుంది.

*

మా ఇల్లు చెక్క ఇల్లు. నేల కూడా చెక్కే, మనిషి మోకాలెత్తు పొట్టి స్తంభాల మీద. కింద నుంచి గాలి ఆడేది. ఆ కింద కోళ్లు, మా చెప్పులు, విరిగిన తెడ్లు. గోడ పలకల సందుల్లోంచి పొద్దుటి వెలుగు చారలుగా పడేది. పైన మాత్రం రేకులు. మధ్యాహ్నం రేకు కింద కూర్చోలేం. అందుకని అమ్మ ఆ వేళకి చాప పట్టుకుని వెనక పనస చెట్టు కిందికి మారిపోయేది. కానీ సూర్యుడు దిగిన అరగంటకి ఆ రేకు చల్లబడిపోయేది, ఇల్లు కూడా. చెక్క వేడిని దాచుకోదు.

అక్కడ సూర్యుడూ గడియారమూ కలవవు. దేశమంతా ఒకటే టైము గానీ, మేమున్నది ఆ టైముకి ఆధారమైన అలహాబాదు గీతకి ఎంతో తూర్పున. మేలో అయిదింటికే వెలుతురు. సాయంత్రం అయిదున్నర దాటితే చీకటి. కాబట్టి మిట్టమధ్యాహ్నం పన్నెండుకి కాదు, పదకొండుంబావు, పదకొండున్నరకే వచ్చేస్తుంది. గడియారం చూసుకుని పనికి వెళ్లేవాళ్లకి ఇది తెలియదు. కింద నుంచి కొత్తగా వచ్చిన ఆఫీసర్లు "ఇంకా పదకొండే కదా" అని కూలీల చేత రోడ్డు పని చేయించేవాళ్లు. (వైజాగ్, చెన్నై, కలకత్తా, ఏదైనా సరే మాకు "మెయిన్‌ల్యాండ్". నాన్న మాత్రం "కింద" అనేవాడు, ఎందుకో మరి.) పాతకాపులు పొద్దున్న నాలుగున్నరకే లేచి, పదింటికల్లా బరువు పని ముగించి, మళ్లీ మూడు తర్వాతే గునపం పట్టేవాళ్లు.

ఏప్రిల్ 20 చుట్టుపక్కల ఒక రోజు మా తెలుగు మీడియం బడిలో లెక్కల మాస్టారు అందరినీ మైదానంలోకి తీసుకెళ్లేవారు. జెండా కర్ర నీడ చూడమనేవారు. పదకొండుంబావు అవుతుండగా నీడ పొట్టిదై, పొట్టిదై, కర్ర మొదట్లోకి దూరిపోయేది. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన. మా నీడలు మా కాళ్ల కిందే. పిల్లలందరం ఒకరి నీడ ఒకరం తొక్కుకోవాలని గెంతేవాళ్లం, తొక్కడానికి ఏం ఉండేది కాదు. మన హైదరాబాదులో ఆ రోజు మే నెలలో వస్తుంది. మాకు ఏప్రిల్లోనే. అప్పటికి వానలు ఆగి నెలలు దాటి ఉంటుంది. గాలి నిలబడిపోతుంది, బావులు అడుగంటుతాయి.

*

నీళ్ల గురించి చెప్పకపోతే అండమాన్ ఎండాకాలం చెప్పినట్టే కాదు.

చుట్టూ సముద్రం. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన, అంటే వైజాగ్‌కి దాదాపు మూడింతలు. అయినా ఫిబ్రవరి దాటితే కుళాయి దగ్గర కొట్లాటలు. దీవి ఏటవాలు, పడిన నీరు పడినట్టే సముద్రంలోకి పోతుంది. పెద్ద నదుల్లేవు. ఊరంతటికీ ధనీఖాడీ డ్యామే ఆధారం. అది తగ్గేకొద్దీ కుళాయి రోజు విడిచి రోజు, తర్వాత ఇంకా ఎడంగా వచ్చేది. నీళ్లొచ్చే రోజు అమ్మ నిద్రపోయేది కాదు. కుళాయి ముందు గాలి వదులుతుంది, బుస్సుమని. ఆ బుస్సు వినగానే వీధంతా లేచి కూర్చునేది. బెంగాలీ బౌదీ, తమిళ అక్క, రాంచీ నుంచి వచ్చిన కుటుంబం, మేము. తిట్టుకునేటప్పుడు హిందీ, సర్దుకునేటప్పుడు కూడా హిందీ.

నీలం డ్రమ్ములు ప్రతి ఇంటి చూరు కిందా ఉండేవి. వెదురు బొంగుని నిలువునా చీల్చి చూరుకి వైర్లతో కట్టేవాళ్లు, వాన నీళ్లు జారి డ్రమ్ములో పడేలా. ఏప్రిల్ చివరికల్లా నాన్న నిచ్చెన వేసుకుని ఆ బొంగుల్లో ఆకులు, బల్లి గుడ్లు తీసి శుభ్రం చేసేవాడు. మొదటి వాన నీళ్లు పట్టకూడదు, రేకు మీది మురికంతా దాంట్లోనే ఉంటుంది. రెండోది పట్టాలి. మేలో ఏదో ఒక రాత్రి ఆ రెండో వాన వచ్చేది. రేకుల మీద ఆ మోతకి పక్కనున్న మనిషి మాట వినపడదు. నాన్న నోరు కదులుతుంటే, చేతుల్ని బట్టి మేం అర్థం చేసుకునేవాళ్లం: ఆ బకెట్ ఇటు తే, ఆ గిన్నె అక్కడ పెట్టు. అన్నం గిన్నెలు, పప్పు గిన్నెలు, చివరికి నా బడి టిఫిన్ డబ్బా కూడా బయట పెట్టేవాళ్లం.

సునామీ తర్వాత కొన్ని బావుల్లో నీరే మారిపోయింది. 2004 డిసెంబర్ 26న దక్షిణ అండమాన్ నేల దాదాపు ఒక మీటరు కిందికి దిగింది. సిప్పీఘాట్ వైపు వరిమళ్లలోకి వచ్చిన సముద్రం మళ్లీ వెనక్కి పోలేదు. మాకు కూరగాయలు అమ్మే పెద్దాయన బావి ఉప్పనై పోయింది. ఆయన చాలా ఏళ్లు ఆ బావి దగ్గరే కూర్చునేవాడని అమ్మ చెప్పేది.

*

ఎండాకాలం సెలవుల్లో ఓడెక్కి శ్రీకాకుళం వచ్చేవాళ్లం. హర్షవర్ధన ఓడలో బంకు క్లాసు. కింది అంతస్తులో డీజిల్ వాసన, వాంతుల వాసన, ఎవరో ఒలిచిన బత్తాయి వాసన. రెండు మూడు రోజులు అంతా డెక్కు మీదే. వైజాగ్ కనపడేముందు డాల్ఫిన్స్ నోస్ కనపడుతుంది. చూసినవాళ్లు మొదట అరుస్తారు.

అమ్మమ్మగారి ఊళ్లో ఎండ వేరే జాతి. తార్రోడ్డు మీద చెప్పు అంటుకుపోయే ఎండ. వడగాలి మొహం మీద కొడుతుంది. అమ్మమ్మ మా జేబుల్లో ఉల్లిపాయలు పెట్టి పంపేది. "ఎండలో తిరక్కండ్రా, దెబ్బ తగులుద్ది" అని వెనక నుంచి కేకలు. ఆ ఎండ కళ్లకి కనపడుతుంది, కాబట్టి భయపడతాం. గొడుగు పడతాం, తలకి తువ్వాలు చుడతాం. 2003లో, 2015లో వడదెబ్బకి మన రాష్ట్రంలో ఎంతమంది పోయారో పేపర్లలో రోజూ అంకెలు వచ్చేవి.

అండమాన్‌లో అంకె రాదు. వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదానాల్లో 40 డిగ్రీలు, తీర ప్రాంతాల్లో 37 డిగ్రీలు తాకితేగానీ వడగాడ్పు అనరు. పోర్ట్ బ్లెయిర్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం 32, 33. 35 దాటడమే అరుదు. కాబట్టి కాగితం మీద అక్కడ వడగాడ్పు అనేదే ఉండదు. కానీ 33 డిగ్రీలకి గాల్లో 75 శాతం తేమ తోడైతే ఒంటికి తగిలేది 45 దాటుతుంది. చెమట పడుతుంది, ఆరదు. ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది. ఆరని చెమట వల్ల ఒంట్లో నీరు పోవడం తప్ప లాభం లేదు. వేడిని చర్మం దాకా తోయడానికి గుండె ఇంకా ఇంకా కొట్టుకుంటుంది. 2023 నుంచి వాతావరణ శాఖవాళ్లు తేమని కూడా కలిపి చూసే హీట్ ఇండెక్స్ ప్రయోగాత్మకంగా ఇస్తున్నారు. మా నాన్నకి ఇండెక్సులు తెలియవు. నాలుక మీద ఉప్పు రాయి వేసుకుని నీళ్లు తాగేవాడు, మిల్లులో అందరూ అంతే. చొక్కా మీద తెల్లటి ఉప్పు చార లేని రోజు, "ఇయ్యాల గాలి బాగుంది" అనేవాడు.

*

2010లో వేసవికి వెళ్లినప్పుడు మావయ్య నన్ను డుంగీలో నార్త్ బే వైపు తీసుకెళ్లాడు. ఆయన గొడవ పెడితేగానీ నేను కదల్లేదు. అడుగు కనపడే చోట ఇంజను ఆపేసి, "ఒలే గుంటా, వొంగి సూడు" అన్నాడు.

నా చిన్నప్పుడు అక్కడ నీళ్లలో పచ్చ, గోధుమ, ఊదా రంగుల పగడాలు, వాటి సందుల్లో చేపలు కనిపించేవి. మావయ్య వాళ్లు దాన్ని "రాయి" అనేవాళ్లు. రాయి దగ్గర వల వేస్తే చిరుగుతుందని తిట్టుకునేవాళ్లు, రాయి ఉంటేనే చేప ఉంటుందనీ వాళ్లే అనేవాళ్లు. ఆరోజు వంగి చూస్తే అంతా తెలుపు. "అడుక్కి సున్నం ఏసీసినట్టు నేదేటి?" అన్నాడు మావయ్య. చెయ్యి నీళ్లలో పెట్టాను. గోరువెచ్చగా కూడా కాదు, అంతకన్నా ఎక్కువే.

పగడంలో ఉండేది ఒక చిన్న ప్రాణి. దాని ఒంట్లో నాచు ఉంటుంది, దానివల్లే రంగు, దానివల్లే తిండి. నీళ్లు మరీ వేడెక్కితే ఆ ప్రాణి నాచుని బయటికి తోసేస్తుంది. అలా కొన్ని వారాలు గడిచాయంటే చచ్చిపోతుంది. అండమాన్‌లో 1998లో ఒకసారి, 2010లో ఒకసారి, 2016లో మళ్లీ అలా అయింది. ఇవన్నీ నేను తర్వాత చదువుకున్నవి. మావయ్యకి ఆవేళే తెలిసింది, ఆయన భాషలో. "ఇక మీదట లోనికి పోవాల," అన్నాడు. దగ్గర్లో దొరికే చేప ఇక దొరకదని, లోతుకి వెళ్లాలని. అన్నట్టే అయింది. లోతుకి వెళ్లాలంటే డీజిలు ఎక్కువ, ఐసు ఎక్కువ, ఎండలో గడిపే గంటలు ఎక్కువ. ఐసుకి చుట్టే పొట్టు మాత్రం అప్పటికే తగ్గిపోయింది. 2002లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతకి అడ్డుకట్ట వేసింది, చాథం మిల్లుకి దుంగలు రావడం పలచబడింది. అడవికి మంచిదే. థర్మాకోల్ పెట్టెలు వచ్చాయి.

మావయ్యకి వాతావరణం మీద ఇంకో హక్కు ఉండేది. తుఫాను మా దగ్గరికి రాకముందే ఆయనకి తెలిసేది, చాలా తుఫాన్లు వాళ్లని దాటుకునే కదా మనమీదికి వచ్చేది. 2014లో హుద్‌హుద్ అక్టోబర్ 8న అండమాన్ మీదుగా వెళ్లింది. మర్నాడు ఫోను. "గట్టిగానే కొట్టీసింది. నీకేసే వత్తంది, బియ్యం, కొవ్వొత్తులు కొనుక్కో" అన్నాడు. నేను నవ్వాను. 12న వైజాగ్‌లో మా అపార్ట్‌మెంట్ కిటికీలు పగిలాయి. ఆ తర్వాత కరెంటు లేకుండా గడిపిన రోజుల్లో, చెట్లు లేని వీధిలో, వైజాగ్‌లో కూడా అదే ఉక్క.

*

మావయ్య చెక్క ఇల్లు పడగొట్టి స్లాబు వేశాడు. ఊరంతా వేసింది. చెక్క దొరకదు, దొరికినా కొనలేం, చెదలు వేరే. స్లాబు వేసిన రోజు ఆయన మేడ మీద నిలబడి దిగిన ఫోటో అత్త ఫోన్లో ఇంకా ఉంది, మెడలో పూలదండతో. ఇప్పుడు ఆ ఇల్లు పగలంతా తాగిన వేడిని రాత్రంతా వదులుతుంది. ఏప్రిల్ రాత్రులు ఎలాగూ 25, 26 దగ్గరే ఆగిపోతాయి. గోడలు చేత్తో ముట్టుకుంటే తొమ్మిదింటికి కూడా వెచ్చగానే ఉన్నాయి. పెద్దకార్యానికి వెళ్లినప్పుడు మేం ఆడవాళ్లమంతా వాకిట్లో పడుకున్నాం.

ఆయనకి గుండె జబ్బు ఉంది, నిజమే. వేటకి వెళ్లడం మానేసి, వలలు అల్లుకుంటూ ఇంట్లోనే ఉండేవాడు. పోయిన రోజు మధ్యాహ్నం కరెంటు లేదు. అక్కడ కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్లదే, వేసవిలో కోతలు మామూలే. ఫ్యాను ఆగిన గదిలో గుమ్మం దగ్గర కూర్చుని వల పని చేస్తున్నాడట. సాయంత్రానికి మాట తడబడింది. అత్త నీళ్లిచ్చింది, పక్కకి తోసేశాడు. చెమట కూడా ఆగిపోయిందని, ఒళ్లు కాలిపోతోందని అత్త చెప్పింది. రాత్రి పోయాడు. కాగితం మీద గుండెపోటు అని రాశారు. తప్పని నేననను, ఆఖరికి ఆగింది గుండే. కానీ అంతకుముందు ఆ మధ్యాహ్నమంతా ఆ గుండె చేసిన పని ఏ కాగితంలోనూ రాదు. 2015లో మన దగ్గర పోయినవాళ్లు అంకెల్లోకైనా ఎక్కారు.

బావ టూరిస్టు బోటు నడుపుతాడు. వేసవిలో పొద్దున్న ఆరింటికే మొదటి ట్రిప్పు వేస్తానని, పదకొండుకి ఆపేస్తానని అంటాడు. టూరిస్టులు లేచేసరికే తొమ్మిది అవుతుంది, అదీ చిక్కు. ఇంటి సంగతి ఇంకా తేలలేదు. స్లాబు మీద ఆకు పందిరి వేయిద్దామని బావ అంటున్నాడు. ఆకుల్లో ఎలకలు చేరతాయి, ఎలకల కోసం పాములొస్తాయి అని అత్త ఒప్పుకోవడం లేదు. పైన రేకు షెడ్డు వేస్తే గాలి ఆడుతుంది, పైగా వాన నీళ్లూ పట్టొచ్చు అని నేనన్నాను. "నువ్వు డబ్బులు పంపు, వేయిస్తాను" అన్నాడు బావ. వైజాగ్ వచ్చాక రేకుల రేటు కనుక్కున్నాను. ఓడ కిరాయి కలిపితే అక్కడ కొనడమే నయం. రెండు వైపులా చూరుకి పైపు, కింద రెండు పెద్ద డ్రమ్ములు కూడా లెక్కలో వేయమని చెప్పాను. వానలు మొదలయ్యేలోపు పని అవదు, వచ్చే ఏడాదికి చూడాలి.